వేలమ్మ చెక్క

వేలంలో కొన్న భూమా ఇది, అని అడిగాడు
రీసర్వేకి వచ్చిన గుంటడు,
ట్యాబు మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.
కాదు నాయినా. కూకో.
ఆ గొడుగు మడిచి ఇలా గట్టు మీద కూకో.

ముందు బొచ్చు సంగతి చెప్పాలి.
మనకి ఎండలు మండేప్పుడు
ఆస్ట్రేలియాలో చలి అట.
ఓడెక్కి వచ్చిన గుర్రానికి
ఆ లెక్క మార్చి ఎవరు చెప్తారు?
వైశాఖంలో, కళింగపట్నం ఇసక
పెనంలా కాలే రోజుల్లో
దాని ఒంటినిండా చలికాలపు బొచ్చు మొలిచింది,
తడిసిన గోనెసంచి రంగులో.
రోగం అనుకున్నారు.

ఆ దేశపు గుర్రాల్ని రిసాలావాళ్ళు వేలర్లు అనేవారు.
మనవాళ్ళ చెవిలో అది వేలం అయి కూకుంది.
అబద్ధమూ కాదు, రేవులోనే పాట పెట్టేశారు.
ఉప్పు వర్తకుడు పొట్నూరి సూరిశెట్టి
పదమూడు రూపాయలకి పాడుకున్నాడు.
గడ్డి కోసి వేసే మా ముత్తవ్వ పేరు దాలమ్మ.
దీని పేరు వేలమ్మ.
"ఒలమ్మా, మనిద్దరం ఒక్క కడుపునే పుట్టినట్టున్నాం గదే"
అనీదట, బొచ్చులో గోగుకాయ ముళ్ళు ఏరుతూ.

నాలుగేళ్ళు.
నౌపడా మళ్ళ నుంచి సముద్రం ఒడ్డంటా
అటు రెండు మూటలు, ఇటు రెండు మూటలు.
మడమ దిగిపోయే ఇసక.
చెమటా ఉప్పే, మూటా ఉప్పే.
ఆగినచోటల్లా సంచి మూల నాకేది.

పెద్ద కరువుకి రెండేళ్ళ ముందు
చికాకోలు కంటోన్మెంటులో పందెం పెట్టారు.
ఎనిమిది గుర్రాలుంటే గాని కుదరదన్నారు.
ఏడే వచ్చాయి.
ఎనిమిదోది లెక్కకి.
జీను లేదు, మడిచిన గోనెపట్టా.
మీద దాలమ్మ తమ్ముడు గంగులు,
పద్నాలుగేళ్ళ గుంటడు, రాత్రంతా ఏడ్చినవాడు.
చూసినోళ్ళు నవ్వలేదట కూడా,
నవ్వడానికైనా కొంచెం ఆశ ఉండాలి గదా.
దాలమ్మ మాత్రం ఎడమకాలి కడియం ఊడదీసి
పందెం కాసేవాడి బల్ల మీద పెట్టింది.
రెండోది రాలేదు, కాలు వాచి ఉంది.

మైదానంలో వేలమ్మ ఎక్కడుందో
దుమ్ముకే తెలియాలి.
కానీ చివరి పావుకోసు నాగావళి ఇసక మీద పెట్టారు,
దొరసానులు ఒడ్డున నీడలో కూకుని చూడాలని.
అక్కడ సన్నకాళ్ళ గుర్రాలు ఒక్కొక్కటే
మోకాలి దాకా దిగి, తల ఎగరేసి, తిట్లు తిన్నాయి.
ఇది పరిగెత్తలేదట నాయినా.
నడిచిందట.
ఎప్పటి నడకే. కాకపోతే
వీపు మీద మూటల్లేవు.
ఆ తేలిక దానికి కొత్త.
ఏదో మరిచిపోయానని
రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిందట.
అలా చూస్తూనే తాడు దాటేసింది.

తరవాత సంగతి మా ఇంట్లోనే మూడు రకాలు.
నలభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారంటుంది మా పెద్దమ్మ.
తిట్టి కడియం మొహాన కొట్టారంటాడు చిన్నాన్న.
మా అయ్య ఏమీ అనేవాడు కాదు,
ఇక్కడే, ఈ గట్టు మీదే కూకుని చుట్ట కాల్చేవాడు.
గెలిచినోడి పేరు వాళ్ళ పుస్తకంలో రాశారో లేదో
గంగులికి చదువు రాదు, మాకు పుస్తకం రాదు.
మర్నాడు మాత్రం మళ్ళీ ఉప్పే.

ముసలిదైపోయాక శెట్టి వదిలేస్తే
దాలమ్మ తోలుకొచ్చి ఇక్కడ కట్టింది.
ఇక్కడే పూడ్చింది.
చెక్క ఎప్పుడు కొందో, ఎలా కొందో
అడిగితే కాలు చూపించేదట.
ఎడమకాలు. బోడిది.

గుంటడు అంతా విన్నాడు.
మంచినీళ్ళు తాగాడు.
ట్యాబులో "వేలము" అనే కొట్టాడు,
వేరే గడి లేదన్నాడు పాపం.

రాసుకో నాయినా, కొలుచుకో.
ఆ ఈశాన్యం మూల మేకలుంటాయి,
తోలకు.
వేరుశెనగ తినడానికి కాదు వచ్చింది.
మట్టి నాకుతాయి.